తెలిసినవాళ్ల పేరుతో వచ్చే ఫైలు: మెయిల్ అటాచ్‌మెంట్లకు కాపలా పెట్టుకోవడం ఎలా?

2016 జూన్ 13. ఢిల్లీలో ఉంటున్న హక్కుల కార్యకర్త రోనా విల్సన్‌కు ఆ రోజు వరసగా కొన్ని మెయిళ్లు వచ్చాయి. అవి వచ్చింది కవి వరవరరావు మెయిల్ ఖాతా నుంచి. ఒక డాక్యుమెంట్ తెరిచి చూడమని అందులో పదే పదే అడిగారు. పంపింది తెలిసినవాళ్లే కదా అని విల్సన్ తెరిచారు. ఆ డాక్యుమెంట్ ఒక ఆర్‌ఏఆర్ ఫైలులో, అంటే మూటలా కట్టిన ఫైలులో ఉంది. తెర మీద మామూలు డాక్యుమెంటే కనిపించింది. వెనకాల మాత్రం నెట్‌వైర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ ఆ ల్యాప్‌టాప్‌లోకి దిగింది.

అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ 2021 ఫిబ్రవరిలో బయటపెట్టిన నివేదిక చెప్పిన సంగతి ఇది. వరవరరావు ఖాతాను మరెవరో వాడారని, ఆ తర్వాత 22 నెలల పాటు విల్సన్ ల్యాప్‌టాప్ వాళ్ల చేతుల్లో ఉందని, కేసులో కీలకంగా చూపించిన పది ఉత్తరాలను బయటి నుంచే అందులో పెట్టారని ఆ నివేదిక తేల్చింది. భీమా కోరేగావ్ కేసులోనే అరెస్టయిన నాగపూర్ దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్‌లోనూ, 2021 జూలై 5న కస్టడీలో ఉండగానే చనిపోయిన ఫాదర్ స్టాన్ స్వామి కంప్యూటర్‌లోనూ ఇలాగే జరిగిందని అదే సంస్థ తర్వాతి నివేదికల్లో చెప్పింది. దర్యాప్తు సంస్థ వీటిని ఒప్పుకోలేదు. కోర్టు తుది మాట ఇంకా రావాలి. ఆ వాదనలు కోర్టులో నడుస్తాయి. మనం చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఇలాంటి ఫైలు మన మెయిల్‌బాక్సులోకి వస్తే దాన్ని గుమ్మం దగ్గరే ఆపడం.

ఈ వ్యాసంలో ఆ పని ఎలా చేసుకోవాలో చెబుతాం. డబ్బు ఖర్చు లేదు. కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఒక అరగంట చాలు.

ఇది మనకెందుకు?

'మేమేం పెద్ద నాయకులం కాదు కదా, మా మెయిల్ ఎవరు చూస్తారు' అని చాలామంది మిత్రులు అంటుంటారు. మీ మెయిల్‌లో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. అట్రాసిటీ కేసులో ఎఫ్‌ఐఆర్ కాపీ ఉంటుంది. బాధితురాలి వైద్య పరీక్ష నివేదిక, కుల ధ్రువీకరణ పత్రం, సాక్షుల ఫోన్ నంబర్లు ఉంటాయి. నిజ నిర్ధారణ బృందం ఊళ్లో తీసిన ఫొటోలు ఉంటాయి. హాస్టల్ సమస్య మీద విద్యార్థులు సంతకాలు పెట్టిన వినతిపత్రం ఉంటుంది. ఆ సంతకాల్లో ప్రతి పేరు వెనకా ఒక స్కాలర్‌షిప్, ఒక కుటుంబం ఉన్నాయి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఏ సెక్షన్ వచ్చింది. బాధితులకు, సాక్షులకు బెదిరింపుల నుంచి రక్షణ ఇవ్వాలని, అవసరమైతే సాక్షుల పేర్లు, చిరునామాలు బయటకు రాకుండా చూడాలని ఆ సెక్షన్ చెబుతుంది. కోర్టులో పోరాడి దాచిపెట్టుకున్న పేరు మన ల్యాప్‌టాప్ నుంచి ఊరి పెత్తందారు చేతికి చేరితే ఆ రక్షణకు అర్థమే లేదు. కాబట్టి మన మెయిల్ భద్రత మన ఒక్కరి విషయం కాదు. మనల్ని నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ల విషయం.

దొంగ ఫైలు ఏ వేషంలో వస్తుంది?

సెంటినెల్‌వన్ అనే సైబర్ భద్రతా సంస్థ 2022 ఫిబ్రవరిలో ఒక నివేదిక ఇచ్చింది. భారతదేశంలోని హక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు, విలేకరులు, అధ్యాపకుల మీద కనీసం 2012 నుంచి ఇలాంటి మెయిళ్లు పంపుతున్న ఒక గుంపు గురించి అందులో ఉంది. ఆ గుంపుకు ఆ సంస్థ పెట్టిన పేరు మోడిఫైడ్ ఎలిఫెంట్. ఆ నివేదికలో కనిపించే వేషాలు ఇవి:

మొదటిది, రెండు తోకల ఫైలు. పేరు చివర పీడీఎఫ్ అని కనిపిస్తుంది. దాని తర్వాత ఈఎక్స్‌ఈ అనే ఇంకో తోక ఉంటుంది. విండోస్ కంప్యూటర్లు మామూలుగా చివరి తోకను దాచేస్తాయి. మనకు పీడీఎఫ్ అనిపించేది నిజానికి నొక్కగానే నడిచే ప్రోగ్రామ్.

రెండోది, వర్డ్, ఎక్సెల్ లాంటి ఆఫీస్ ఫైలు. పాత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను వాడుకుని ఇది లోపలికి దూరుతుంది. ఎప్పుడో సీడీతో ఎక్కించి, ఆ తర్వాత ఒక్కసారి కూడా అప్‌డేట్ చేయని ఆఫీస్ ఉన్న కంప్యూటర్లు దీనికి సులువుగా దొరుకుతాయి.

మూడోది, పాస్‌వర్డ్ పెట్టిన ఆర్‌ఏఆర్ మూట. పాస్‌వర్డ్ ఉంటే మెయిల్ కంపెనీ యంత్రాలు లోపల ఏముందో చూడలేవు. పాస్‌వర్డ్ ఏమో ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది. అంటే తాళం ఉన్నది మన నుంచి దాచడానికి కాదు, తనిఖీ నుంచి తప్పించుకోవడానికి.

నాలుగోది, అటాచ్‌మెంట్ లేకుండా లింకు. దీని సంగతి తర్వాత చెబుతాం.

ఆ మెయిళ్లు వచ్చింది మామూలు ఉచిత ఖాతాల నుంచే. విషయాలు కూడా కార్యకర్తలు రోజూ మాట్లాడుకునేవే. ఇక విల్సన్ విషయంలో వాడింది తెలిసిన మనిషి అసలు ఖాతానే అని ఆర్సెనల్ చెబుతోంది. 'తెలియనివాళ్ల మెయిల్ తెరవొద్దు' అన్న పాత సలహా ఇక్కడే విఫలమవుతుంది. అన్న పేరు, అక్క పేరు, మన సంఘం కార్యదర్శి పేరు చూసి తలుపు తీస్తే, ఆ పేరునే దొంగ తొడుక్కుని వస్తాడు. అందుకే మన కాపలా నియమం పంపినవాళ్ల పేరును బట్టి కాకుండా, వచ్చిన ఫైలు రకాన్ని బట్టి ఉండాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

జీమెయిల్ ఎంతవరకు ఆపుతుంది?

మనలో ఎక్కువమంది వాడేది జీమెయిల్ కాబట్టి దాంతోనే చెబుతాం. నొక్కగానే నడిచే ఈఎక్స్‌ఈ, జేఎస్, బ్యాట్, వీబీఎస్, ఎమ్‌ఎస్‌ఐ లాంటి చాలా రకాల ఫైళ్లను జీమెయిల్ అసలు రానివ్వదు. మామూలు జిప్ మూటలో దాచి పంపినా పట్టుకుంటుంది. ఇది మంచిదే.

కానీ జిప్, ఆర్‌ఏఆర్ మూటలన్నింటినీ అది ఆపదు. ఆపితే లోకంలో సగం పని నిలిచిపోతుంది. పాస్‌వర్డ్ ఉన్న మూట లోపలికి అది పూర్తిగా తొంగి చూడలేదు. కొన్నిసార్లు హెచ్చరిక చూపించి వదిలేస్తుంది. ఆ మిగిలిన ఖాళీని మనమే పూడ్చుకోవాలి. దానికి జీమెయిల్‌లోనే ఉన్న సాధనం పేరు ఫిల్టర్.

మొదటి నియమం: మూటలన్నీ పక్క గదిలోకి

ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్ తయారు చేయడం కుదరదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరవాలి. ఒకసారి పెట్టుకుంటే ఫోన్‌లో కూడా అదే నియమం పనిచేస్తుంది. సొంత కంప్యూటర్ లేనివాళ్లు నమ్మకమైన మిత్రుల ల్యాప్‌టాప్‌లో చేసుకోండి. పని కాగానే లాగౌట్ చేయడం మరవొద్దు. నెట్ సెంటర్లో మాత్రం ఈ పని వద్దు.

1. జీమెయిల్ పైన వెతికే పెట్టె ఉంటుంది. దాని కుడి చివర గీతల గుర్తు నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది.

2. అందులో 'హ్యాజ్ ది వర్డ్స్' అనే గడి ఉంటుంది. అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా టైప్ చేయాలి: ముందు 'ఫైల్‌నేమ్' అన్న మాట, చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. దాన్ని ఆనుకుని కోలన్ గుర్తు, అంటే నిలువుగా రెండు చుక్కలు. దాన్ని ఆనుకునే 'ఆర్‌ఏఆర్' అన్న మూడు అక్షరాలు. తర్వాత ఒక ఖాళీ వదిలి పెద్ద అక్షరాల్లో 'ఆర్', అంటే ఓ, ఆర్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మళ్లీ ఖాళీ వదిలి 'ఫైల్‌నేమ్', కోలన్, 'జిప్'. ఇదే పద్ధతిలో '7జెడ్', 'హెచ్‌టీఎమ్', 'హెచ్‌టీఎమ్‌ఎల్' కూడా చేర్చండి. చివరి రెండూ మూటలు కావు. దొంగ లాగిన్ పేజీలు ఎక్కువగా ఈ రూపంలో వస్తాయి కాబట్టి వాటినీ కలుపుతున్నాం.

3. కింద 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి. ఏం చేయాలో అడిగే పట్టిక వస్తుంది.

4. అందులో 'స్కిప్ ది ఇన్‌బాక్స్' దగ్గర టిక్ పెట్టండి. 'అప్లై ది లేబుల్' దగ్గర కొత్త లేబుల్ తయారు చేయండి. మేము సూచించే పేరు: 'ముందు ఫోన్ చెయ్'. లేబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. పేరులోనే చేయాల్సిన పని ఉంటే హడావుడిలో కూడా గుర్తొస్తుంది.

5. పాత మెయిళ్లకూ వర్తించాలంటే దాని గడిలో కూడా టిక్ పెట్టి, మళ్లీ 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి.

అంతే. ఇక మూట ఉన్న మెయిల్ ఎవరి నుంచి వచ్చినా నేరుగా ముందు గదిలోకి రాదు, పక్క గదిలో కూర్చుంటుంది. పనిచేస్తోందో లేదో చూడటానికి మీ ఇంకో ఖాతా నుంచి ఒక ఫొటోను జిప్ చేసి మీకే పంపుకోండి. ఇన్‌బాక్సులో కనిపించకుండా లేబుల్ కింద కనిపిస్తే నియమం సరిగా కుదిరినట్టే.

రెండో నియమం: ఆఫీస్ ఫైళ్లకు గుర్తు

డీఓసీఎమ్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్, పీపీటీఎమ్ అనే తోకలున్న ఆఫీస్ ఫైళ్లలో మ్యాక్రోలు, అంటే తమంతట తాము నడిచే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. కార్యకర్తలకు, విద్యార్థులకు వీటి అవసరం దాదాపు ఉండదు. వీటిని కూడా మొదటి నియమంలోనే చేర్చేయండి.

పాత డీఓసీ, ఎక్స్‌ఎల్‌ఎస్, ఆర్‌టీఎఫ్ ఫైళ్ల విషయం వేరు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లో టైప్ చేయించిన వినతిపత్రం ఇప్పటికీ పాత వర్డ్ ఫైలుగానే వస్తుంది. వాటిని పక్క గదిలోకి తోస్తే అసలైన బాధితుల అర్జీ మనం చూడకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే వీటికి వేరే ఫిల్టర్ పెట్టి, లేబుల్ మాత్రమే తగిలించండి. 'స్కిప్ ది ఇన్‌బాక్స్' వద్దు. మెయిల్ ముందే కనిపిస్తుంది, పక్కన జాగ్రత్త గుర్తు ఉంటుంది.

ఈ మూడు తప్పులు చేయొద్దు

ఒకటి, 'డిలీట్ ఇట్' ఎంచుకోవద్దు. ఊరి నుంచి ఒక తమ్ముడు ఇరవై ఫొటోలను జిప్ చేసి పంపి ఉండొచ్చు. అది మనం చూడకుండానే చెత్తబుట్టలోకి పోతే అతనికి మన మీద నమ్మకం పోతుంది. పైగా నిజంగా దొంగ మెయిలే అయితే అది సాక్ష్యం. విల్సన్ కేసులో ఏం జరిగిందో ఏళ్ల తర్వాత తేల్చగలిగారంటే ఆ ఆనవాళ్లు మిగిలి ఉండటం వల్లే.

రెండు, 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' దగ్గర టిక్ పెట్టొద్దు. జీమెయిల్ తనంతట తాను పట్టుకున్నదాన్ని మనమే విడిపించినట్టవుతుంది.

మూడు, 'మన అన్నవాళ్లకు మినహాయింపు' ఇవ్వొద్దు. సంఘం అధ్యక్షుడి మెయిల్‌ను నియమం నుంచి తప్పిద్దామని అనిపిస్తుంది. దొంగ ఎంచుకునేది ముందుగా ఆ పేరునే.

పక్క గదిలో ఉన్నదాన్ని ఏం చేయాలి?

లేబుల్ పేరు చెప్పినట్టే, ముందు ఫోన్ చేయండి. 'అక్కా, మీరు ఇప్పుడు నాకు ఫైలు ఏదైనా పంపారా?' అని అడగడానికి నిమిషం పట్టదు. అదే మెయిల్‌కు జవాబు రాసి అడగొద్దు. ఖాతా దొంగ చేతిలో ఉంటే 'అవును, నేనే పంపాను, తెరువు' అని అతనే జవాబిస్తాడు. ఫోన్ నంబర్ కూడా ఆ మెయిల్‌లో రాసినది కాకుండా మీ దగ్గర ముందే ఉన్నది వాడండి.

పంపింది వాళ్లేనని తేలితే, మూట కట్టకుండా పీడీఎఫ్‌గానో ఫొటోలుగానో మళ్లీ పంపమనండి. పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లను డౌన్‌లోడ్ చేయకుండా జీమెయిల్‌లోనే ప్రివ్యూలో చదవండి. అప్పుడు ఫైలు తెరుచుకునేది గూగుల్ కంప్యూటర్లలో, మీ ల్యాప్‌టాప్‌లో కాదు. తప్పనిసరిగా దించుకోవాల్సి వస్తే డేంజర్‌జోన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రీడమ్ ఆఫ్ ది ప్రెస్ ఫౌండేషన్ దాన్ని నడుపుతోంది. అది అనుమానాస్పద డాక్యుమెంట్‌ను విడిగా ఒక మూల తెరిచి, పేజీలను బొమ్మలుగా మార్చి, శుభ్రమైన పీడీఎఫ్ ఇస్తుంది. వర్డ్ ఫైలు తెరిచినప్పుడు 'ఎనేబుల్ కంటెంట్' అని అడిగితే నొక్కొద్దు.

వైరస్‌టోటల్ లాంటి సైట్లో పెట్టి పరీక్షిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అక్కడ పెట్టిన ఫైలు భద్రతా పరిశోధకులకూ, చందా కట్టిన సంస్థలకూ అందుబాటులోకి వెళ్తుంది. బాధితుల పేర్లున్న కాగితం అయి ఉండే అవకాశం ఏ కొంచెం ఉన్నా అక్కడ పెట్టొద్దు.

సంస్థకు సొంత మెయిల్ ఉంటే

కొన్ని సంస్థలు గూగుల్ వర్క్‌స్పేస్ వాడతాయి. రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థలకు దానిలో ఉచిత ప్లాన్ ఉంది. అడ్మిన్ బాధ్యత చూసే మిత్రులు అడ్మిన్ కన్సోల్‌లో జీమెయిల్ విభాగంలోని 'సేఫ్టీ' కింద అటాచ్‌మెంట్ రక్షణలను చూడండి. పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు, స్క్రిప్టులున్న ఫైళ్లు, అరుదైన రకం ఫైళ్లు వస్తే హెచ్చరించాలా, స్పామ్‌లో వేయాలా, క్వారంటైన్‌లో ఉంచాలా అన్నది అక్కడ ఎంచుకోవచ్చు.

అందులో ఒక మెలిక ఉంది. పాస్‌వర్డ్ ఫైళ్లు, స్క్రిప్టు ఫైళ్ల రక్షణ 'నమ్మకం లేని' చిరునామాల నుంచి వచ్చే వాటికే వర్తిస్తుంది. పాత పరిచయస్తుల ఖాతా దొంగ చేతికి పోతే అది పట్టుకోలేకపోవచ్చు. అందుకే మీ ప్లాన్‌లో 'అటాచ్‌మెంట్ కంప్లయన్స్' అనే నియమం ఉంటే దాన్ని కూడా పెట్టండి. బయటి నుంచి వచ్చే మూట ఫైళ్లన్నీ క్వారంటైన్‌లో ఆగాలని అందులో చెప్పవచ్చు. క్వారంటైన్‌ను రోజూ చూసి విడుదల చేసే బాధ్యత ఇద్దరికి అప్పగించండి. ఒక్కరికే ఇస్తే వాళ్లు ఊరెళ్లిన రోజు పని ఆగిపోతుంది, నియమాన్నే తీసేద్దామనే మాట వస్తుంది.

ఫిల్టర్‌కు కనబడనివి

లింకులు. 2019 జనవరి నుంచి అక్టోబర్ మధ్య తొమ్మిది మంది హక్కుల కార్యకర్తలకు దొంగ మెయిళ్లు వచ్చాయని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, సిటిజెన్ ల్యాబ్ 2020 జూన్‌లో చెప్పాయి. వాళ్లలో ఎక్కువమంది భీమా కోరేగావ్ కేసులో అరెస్టయినవారి విడుదల కోసం గొంతెత్తినవాళ్లే. ఆ మెయిళ్లలో ఉన్నవి లింకులు. విల్సన్‌కు వచ్చిన మూట కూడా డ్రాప్‌బాక్స్ లింకులా కనిపించిందని ఆర్సెనల్ చెప్పింది. మన ఫిల్టర్ అటాచ్‌మెంట్ పేరునే చూస్తుంది. లింకు వెనక ఏముందో చూడదు. కాబట్టి లింకుకూ అదే నియమం మనసులో పెట్టుకోండి: దించుకోమంటే ముందు ఫోన్. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లకూ ఇదే నియమం.

దీనికి తోడు మూడు పనులు చేయండి. విండోస్, ఆఫీస్ అప్‌డేట్లు ఆపొద్దు. విండోస్‌లో ఫైలు తోకలు కనిపించేలా పెట్టుకోండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్ పెడితే చాలు. మెయిల్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. ఈ మూడోది మన కోసమే కాదు. మన ఖాతా దొంగ చేతికి పోతే రేపు మన పేరుతోనే ఇంకొకరి ఇంటి తలుపు తడతారు.

తెరిచేశాం, ఇప్పుడేం చేయాలి?

సిగ్గుపడొద్దు, దాచొద్దు. వెంటనే ఇంటర్నెట్ తీసేయండి. ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయొద్దు, మెయిల్ చెరిపేయొద్దు. ఇంకో పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చండి. మీతో మెయిళ్లు నడిపేవాళ్లందరికీ ఫోన్‌లో చెప్పండి. యాక్సెస్ నౌ అనే అంతర్జాతీయ సంస్థ కార్యకర్తల కోసం ఉచితంగా, 24 గంటలూ డిజిటల్ భద్రతా సహాయం నడుపుతోంది. వాళ్లను అడగండి.

చివరిగా ఒక మాట. నియమం నిలవాలంటే పంపే అలవాటు కూడా మారాలి. రేపు జరిగే మీ సంఘం సమావేశంలో ఒక తీర్మానం చేసుకోండి: మన మధ్య జిప్, ఆర్‌ఏఆర్ ఫైళ్లు పంపుకోం, పెద్ద ఫైలు పంపేముందు ఫోన్ చేస్తాం, ఫోన్ చేసి అడిగినవాళ్లను 'నా మీద అనుమానమా' అని నిలదీయం. కంప్యూటర్ తెలిసిన విద్యార్థులు ఒక్కొక్కరు ఇద్దరు పెద్దల దగ్గర కూర్చుని ఈ ఫిల్టర్ పెట్టి ఇవ్వండి. మన పెద్దలు ఊళ్లలో తిరిగి పోగుచేసిన కాగితాలకు కాపలా కాయడం ఇప్పుడు మీ చేతుల్లోనే ఉంది.